పాట అయిపోయిన చోట

డీజే బాక్సులొచ్చాక దర్శిలో మైకుసెట్టు పేరయ్యని పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు లేరు. పొద్దున్నే ఒక పాత గ్రామఫోన్ రికార్డు తీసి, పంచె అంచుతో తుడిచి, ఒక్కడే వింటాడు. విన్నాక భూతద్దం పట్టుకుని, లేబుల్ చుట్టూ పాట లేకుండా మిగిలిన నున్నటి నల్లని అంచంతా వెతుకుతాడు. తయారుచేసినవాళ్ళు అక్కడ సూదిమొనతో ఏదో ఒకటి గీకి వదులుతారు. ఎక్కువగా అంకెలే ఉంటాయి. మొన్న మాత్రం చీమ తలకాయలంత అక్షరాలు కనిపించాయి: "వినపడుతోందా?" జన్మంతా మైకులో జనాన్ని ఆ మాటే అడిగిన మనిషాయె, పేరయ్య ఉండబట్టలేకపోయాడు. "బ్రహ్మాండంగా వినపడుతోందండీ! తమరిదే ఊరు?" అని గట్టిగా అడిగేశాడు.

పక్కింటి సుబ్బరావమ్మ చుట్టాలొచ్చారనుకుని పెరటి దోవన రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చింది. "ఏడి బాబాయ్, మనిషి?"

"బస్సుకి టైమైందని ఇప్పుడే వెళ్ళాడమ్మా, ఇటు వాకిట్లోంచి."

ఆమె వాకిట్లోకి చూసింది. గుమ్మం నుంచి రోడ్డు దాకా పొద్దున తను ఆరబోసిన మిరపకాయల్లో ఒక్కటీ నలగలేదు. పేరయ్య తల దించుకుని రికార్డు తుడవడం మొదలుపెట్టాడు. సుబ్బరావమ్మ రెండో గ్లాసు ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.

"ఈసారి ఆయనొస్తే ముందే చెప్పు బాబాయ్. కాయలు పక్కకి లాగి దారి చేస్తా."