బోధన్‌లో బెల్లం పాకం టోస్టు

మా ఆయనకు టోస్టు అంచులు నల్లబడేదాకా కాలాలి. పైన పల్చగా వెన్న, అంతే. పెళ్లయినప్పటి నుంచి నేనూ అలాగే తిన్నాను. ఆయన పోయాక కూడా మార్చలేదు. మారిస్తే ఆయన నాకు ఇంకొంచెం దూరమవుతారని భయం.

కిందటి చలికాలం రాజమండ్రి నుంచి బోధన్ దగ్గరి చందూర్‌లో ఒక పెళ్లికి వెళ్తూ, పొద్దున్నే బోధన్ బస్టాండు పక్కన టిఫిన్ బండి దగ్గర ఆగాను. బండి నడిపే ఆవిడకు టోస్టు ఎలా కాల్చాలో వివరంగా చెప్పాను.

"మాడిన బ్రెడ్డు ఎవ్వరు తింటరక్కా?"

"మా ఆయన తినేవారు. కిందటేడు పోయారు."

ఆమె మంట తగ్గించింది. "అన్నకు గట్ల నచ్చింది, మంచిదే. మరి నీకెట్ల కావాలె?"

యాభై దాటినా, టోస్టు నాకెలా ఇష్టమో ఎప్పుడూ ఆలోచించలేదు. చివరికి పంచదార వెయ్యమన్నాను.

"చెరుకు పండే ఊరికొచ్చి చక్కెరేందక్కా? జర గిది తిని సూడు."

నేతిలో ఎర్రగా కాల్చిన బ్రెడ్డు మీద, ఇంకా గట్టిపడని బెల్లం పాకం పోసి నువ్వులు చల్లింది. బెల్లం వండే రోజుల్లో అక్కడ పాకాన్ని సీసాల్లో ఇళ్లకు తెచ్చుకుంటారట.

పాకం మోచేతి దాకా కారింది. ఆయనైతే ముఖం చిట్లించి రుమాలు అందించేవారు. నేను వేళ్లు కూడా నాకాను.

"ఇంకోటి కాల్చాల్నా? గిట్లనేనా?"

"ఇంత ఎర్రగా వద్దమ్మా, మెత్తగా ఉండాలి," అన్నాను. "నువ్వులు ఇంకాస్త ఎక్కువ వెయ్యి."