మడుగుని ఎండనివ్వమన్న టీచరు గారు

మా సైన్సు టీచరు గారు పోయారు. ఆదివారం ఆరాధన అయ్యాక, ఆవిడ ప్రభువు నందు నిద్రించారని పాస్టరు గారు చెప్పారట. మా చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కానీ ఆ తర్వాత ఊరి వాట్సాప్ గ్రూపు తెరిచానా, ఏడుపు కాస్తా రోతగా మారింది. సంతాపం పెట్టినవాళ్ళలో అందరికంటే ముందు మడుగు కమిటీ ప్రెసిడెంటు! "ప్రకృతి ప్రేమికురాలికి జోహార్లు" అట. పక్కన చేతులు జోడించిన బొమ్మలు. ఛీ! సిగ్గనేది ఉండక్కర్లేదా మనిషికి?

ఆ మడుగు సంగతి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పలేను. అది ఒకప్పటి గోదావరి పాయ. ఏటిగట్టుకి ఇవతల పల్లంలో ఉంటుంది. వానాకాలంలో ఎర్రనీరు పొంగితే గట్టులోని తూము గుండా నిండేది. వరద తీశాక మెల్లగా తగ్గుతూ, వేసవికి నడుమ కాస్త గుంట తప్ప అంతా బురదే.

టీచరు గారు ప్రతి కాలంలోనూ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళేవారు. వెళ్ళగానే చెప్పులు విప్పేసి, కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని బురదలోకి దిగిపోయేవారు. మేము ముక్కులు మూసుకుని నిలబడితే కేకేసేవారు.

"ఏంటర్రా ఆ వేషాలు? మీరు తినే అన్నం ఇందులోంచి రాలేదేంటి? దిగండి!"

నత్తని ఎత్తి చూపించినా, వేరుని పెకలించి చూపించినా, తీసినచోటే, ఉన్నట్టే మళ్ళీ పెట్టేవారు. వరదకి గడ్డి మునిగితే అందులో చేపలు గుడ్లు పెడతాయని, నీరు పలచబడితేనే నత్తలు తినే కొంగలు దిగుతాయని, నీటి కింద మొలవని విత్తనాలు బురద బయటపడ్డాక మొలుస్తాయని ఆవిడే చూపించారు. "నిండటం ఒక్కటే మడుగు పని అనుకోకండర్రా, తగ్గటం కూడా దాని పనే" అనేవారు. పరీక్షలో ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

తర్వాత కమిటీ వచ్చింది. సిమెంటు గట్టు, రెయిలింగు, హంస బొమ్మల పడవలు. మా డెల్టాలో వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేస్తారు కదండీ, కట్టే ముందు ఊళ్ళన్నీ తాగునీటి చెరువులు నింపుకుంటాయి. మంచి పద్ధతే. దాన్ని తెచ్చి ఈ మడుగుకి కూడా తగిలించారు మా వాళ్ళు. ఎండిన మడుగు ఊరికి పరువు తక్కువట! ఏడాది పొడుగునా అంచుల దాకా నీళ్ళే. తుంగ కుళ్ళిపోయింది. కలువలు పోయాయి. గుర్రపు డెక్క కమ్మేసింది. దాని కింద నీళ్ళు నల్లబడి ఒకటే కంపు. పడవల దారి మేరకు డెక్క లాగేసి, ఆ కంపులోనే సెల్ఫీలు.

ఈ వేసవి మొదట్లో, కాలువలు ఇంకా కట్టకముందే, టీచరు గారు జబ్బుతో మంచాన ఉన్నారు. ఎండలకి మడుగులో నీళ్ళు కాస్త తగ్గి బయటపడిన ఓ మూల, తీతువు పిట్టలు నేల మీద గుడ్లు పెట్టాయని విన్నారు. వద్దంటున్నా ఆటో పిలిపించి, సెలవలకి ఊరొచ్చిన నన్ను తోడు తీసుకుని ప్రెసిడెంటు ఇంటికి వెళ్ళారు.

"అయ్యా, ఒక్క నెల నీళ్ళు పెట్టకండి. పిల్లలు గుడ్డులోంచి వచ్చాయంటే వాటంతట అవే పరుగెడతాయి."

"ఆయ్, అలాగేనండి టీచరు గారూ. మీ మాట కాదంటామేంటండి!" అంటూ బాదంపాలు ఇచ్చి, ఆటో దాకా వచ్చి సాగనంపాడు.

మర్నాడే కాలువ నీళ్ళు వదిలించాడు. గుడ్లన్నీ మునిగిపోయాయి. తల్లి పిట్టలు ఆ నీటి మీదే తిరుగుతూ అరిచాయి. నేను వెళ్ళి నిలదీస్తే, "తీతువు కూత ఊరికి మంచిది కాదండి, పీడ పోయింది" అని నవ్వాడు. థూ!

టీచరు గారు మాత్రం తిట్టలేదు. "తెలియనివాళ్ళకి నేర్పగలనమ్మా. తలూపి, మనం వెనక్కి తిరగగానే తమకి తోచింది చేసేవాళ్ళకి ఏం నేర్పను?" అన్నారు. ఆ తర్వాత మడుగు మాట ఎత్తలేదు.

మొన్న టీచరు గారింటి ముందు షామియానా కింద, ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. ప్రెసిడెంటు మైకు అందుకున్నాడు. బోటింగు పాయింటుకి మేడం గారి పేరు పెట్టామని, వారి ఆశయం ప్రకారం మడుగుని ఎప్పుడూ నిండుగా ఉంచుతామని చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను లేచేలోపే టీచరు గారి భర్త లేచారు. గుమాస్తాగా చేసి రిటైరైన, నోట్లో నాలుక లేని మనిషి.

"బాబూ, నీళ్ళు తియ్యండి. లేదంటే ఆవిడ పేరు తియ్యండి."

"అదేంటండి సారూ, గౌరవంగా పెట్టుకుంటేనూ..."

"ఏది తీస్తారో చెప్పండి."

ప్రెసిడెంటు ఫోన్ చూసుకోవడం మొదలెట్టాడు. సారు చెప్పులేసుకుని మడుగు వైపు నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను. రెయిలింగుకి టీచరు గారి ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. తాళ్ళు బిగిసిపోయి ఉన్నాయి. సాయం చేయబోతే వద్దన్నారు. ముడులన్నీ ఒక్కొక్కటే విప్పి, ఆవిడ ముఖం లోపలికి వచ్చేలా మడిచి చంకలో పెట్టుకున్నారు.

ఫ్లెక్సీ తీసినచోట మడుగు కనబడింది. అంచుల దాకా నీళ్ళు. ఒక్క పిట్ట లేదు.