నాయన పెట్టిన సంతకం

నాయన పద్దెనిమిదేళ్లు సైన్యంలో పనిచేశాడు. కార్గిల్ యుద్ధంలో కొండల మీదికి మందుగుండు చేరవేసిన వాళ్లలో ఆయనొకడు. తిరిగొచ్చాక మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో, రాయి కోసే మిషన్ మీద పనికి చేరాడు. అక్కడ ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ ‘మిలట్రీ’. పదో తరగతి తప్పాక నేనూ అక్కడే పలకలకు చెక్క ఫ్రేములు బిగించే పనికి పోయేదాన్ని. మధ్యలో రేకుల గోడ ఒక్కటే అడ్డం. మిషన్ తిరిగినంతసేపూ ఆ సందుల్లోంచి దుమ్ము మా మీద కూడా పడేది. సాయంత్రానికి నాయన కనురెప్పలు తెల్లబడి ఉండేవి.

రంపం మీద నీళ్లు పడేలా పైపు వేస్తే దుమ్ము లేవదని ఆయన ఓనరుకు చాలాసార్లు చెప్పాడు. ఒకసారి నా ఎదుటే అడిగాడు.

“ఏంది మిలట్రీ, బాంబులకు భయపడనోడివి దుమ్ముకు భయపడతావా?” అని ఓనరు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకరోజు తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడన్నారు. పొద్దున్నే నేల కడిగించారు, సగం మిషన్లు ఆపేశారు, మాకందరికీ కొత్త మాస్కులు పంచారు. పనివాళ్లతో మాట్లాడాలని ఆఫీసరు అడగ్గానే ఓనరు నాయన భుజం మీద చెయ్యివేసి ముందుకు తెచ్చాడు.

“మాజీ సైనికుడు సార్. అబద్ధం చెప్పడు.”

నాయన నిటారుగా నిలబడ్డాడు. “అంతా బాగుంది సార్. మాస్కులు రోజూ ఇస్తారు” అని చెప్పి కాగితం మీద సంతకం పెట్టాడు. సాయంత్రం గేటు దగ్గర మాస్కులన్నీ విప్పించి అట్టపెట్టెలో వేయించుకున్నారు.

ఇంట్లో అడుగుపెట్టగానే నిలదీశాను. “ఎందుకట్ల చెప్పినావు నాయనా?”

“పెద్దోళ్లు నిలబెట్టి చెప్పమంటే కాదనేది నాకు రాదమ్మా. మిలట్రీలో అదే నేర్చుకున్నా.”

“మరి నీ పక్క మిషన్ మామ సంగతేంది? ఆయన దగ్గు నీకు వినపడలేదా?”

నాయన చెంబు తీసుకుని మొహం కడుక్కోవడానికి బయటికి పోయాడు. వారం రోజులు నేను ఆయన్ని వదిలేసి ఒక్కదాన్నే పనికి నడిచిపోయాను.

ఆ మామది సాయిబుల కుటుంబం. రోజూ నాయనా ఆయనా ఒకే చోట కూర్చుని అన్నం తినేవాళ్లు. టీబీ అని చెప్పి మామ చేత నెలల తరబడి మాత్రలు మింగించారు. తగ్గలేదు. చివరికి ఒంగోలులో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనన్నాడు. అప్పటికే చెయ్యి దాటిపోయింది. మామ చనిపోయాక ఓనరు, “బీడీలు ఎక్కువ తాగినాడు పాపం” అని ఊరంతా చెప్పాడు. మామ జన్మలో బీడీ ముట్టలేదు.

ఆయన్ని మట్టిచేసి వచ్చిన మర్నాడు నాయన పనికి పోలేదు. నన్ను వెంటబెట్టుకుని తనిఖీ ఆఫీసుకు పోయాడు.

“సార్, ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినాను. రాసుకోండి.”

ఆఫీసరు ఫైలు తీసి ఆ సంతకం మా ముందు పెట్టాడు. “ఇది మీదే కదా? ఇప్పుడు మాట మారిస్తే ఎలా? ఓనరుతో ఏమైనా గొడవా?”

“మనిషి చచ్చిపోయినాడు సార్! గొడవేంది గొడవ?” అని అరిచాను. ఆఫీసంతా మా వైపు తిరిగింది. నాయన నన్ను ఆపలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “రాసుకునేదాకా పోను సార్.”

మధ్యాహ్నం దాటాక రాసుకున్నారు.

రెండు నెలలకు ఫ్యాక్టరీకి నీళ్ల పైపులు వచ్చాయి. మా ఇద్దరికీ మాత్రం గేటు మూసేశారు. మామ దుమ్ము వల్ల చనిపోయాడని ఏ కాగితంలోనూ రాయలేదు. ఇప్పుడు నాయన మూడు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి.

“పైపులు వేయించినారు గదమ్మా, ఇంకా నీకు కోపమేంది?” అని అడుగుతారు కొందరు.

ఆ పైపులు బిగించిన రోజు నేను రోడ్డు మీద నిలబడి చూశాను. పొద్దున మొదలుపెట్టారు. మధ్యాహ్నం అన్నాల వేళకు పని అయిపోయింది.