కీబోర్డు మాస్టారి జట్టు

మా కీబోర్డు మాస్టారు పోయారన్న కబురు నాకు ఫోనులో ఆట ఆడే గుంపులోనే తెలిసింది. ఆయన కోడలు ఆయన ఐడీ నుంచే నాలుగు ముక్కలు పెట్టింది. మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. ఆటోనగర్ షెడ్డులో లేతు మిషను ఆపి, ఆ నాలుగు ముక్కలూ మళ్లీ చదివాను. ఏడుపు రాలేదు. మళ్లీ మిషను వేయబుద్ధి కాలేదు, అంతే.

ఆయన్ని చూస్తే తుపాకుల ఆట ఆడే మనిషని మీరెవరూ అనుకోరు. అరవై దాటాయి. పాతికేళ్లు పెళ్లిళ్లకీ, వినాయక చవితి పందిళ్లకీ, స్టీలు ప్లాంటు క్వార్టర్లలో ఫంక్షన్లకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించారు. డీజేలు వచ్చి పిలుపులు ఆగిపోయాక ఈ ఆటలో పడ్డారు. తన పాత ఆర్కెస్ట్రా పేరే మా గుంపుకి పెట్టారు. ముప్ఫైమంది దాకా చేరాం గానీ, రోజూ సాయంత్రం పనులయ్యాక కలిసి ఆడేది ముగ్గురమే. ఆయన, నేను, ఎప్పుడూ మైకు వేయని ఇంకొకాయన.

ఆట మొదలయ్యేలోపు మాస్టారు ఆర్కెస్ట్రా చరిత్ర ఎత్తుకునేవారు. క్యాసెట్టు ఆపి ఆపి, వెనక్కి తిప్పి తిప్పి ఒక్కో బిట్టూ నేర్చుకోవడం, జనరేటరు ఆగిపోతే చప్పట్ల మీదే పాట ముగించడం, ఇవే. చెప్పిందే చెప్పేవారు. అబద్ధమెందుకు, నాకు విసుగొచ్చేది. కథ ఎక్కడ తిరిగినా బ్యానరు దగ్గరికే వచ్చి ఆగేది. బ్యానరు మీద ఎవరి పేరు ముందుండాలని పాటగాడికీ ఈయనకీ తగువు. సామాన్లు పంచుకున్నారు గానీ ఆర్కెస్ట్రా పేరు ఇద్దరూ వదల్లేదు. ఒకే పేరుతో రెండు పార్టీలు తిరిగి, రెండూ చితికిపోయాయి. "తప్పంతా ఆడిదే బావా" అనేవారు.

ఆటలో మాత్రం ఆయనకో అలవాటుండేది. మాలో ఎవరు దెబ్బ తిని పడినా, ఎదురుగా ఎంతమంది కాలుస్తున్నా, పరుగెత్తుకొచ్చి లేపేవారు. అలా చేతికొచ్చిన ఆటలు ఎన్ని పోగొట్టారో. నేను గొణిగితే, "పడినోడ్ని ఒగ్గీసి గెలిస్తే ఏటొస్తాది బావా" అనేవారు.

పోయిన వేసవిలో ఆ మైకు వేయనాయన తన ఫోను పాడైందని ఇంకో ఫోను నుంచి నాకు మెసేజి పెడితే, ఉండేది మా షెడ్డుకి దగ్గరే, గాజువాకలోనే కదా అని చూడ్డానికి వెళ్లాను. గొంతుకు ఆపరేషనై మాట పోయింది ఆయనకి. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తాడు. గోడ మీది ఫొటోలో మైకు పట్టుకుని పాడుతున్నది ఆయనే, పక్కన కీబోర్డు దగ్గర మా మాస్టారు. పాత పేరు చూసే గుంపులో చేరాడట. మాస్టారికి చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు.

ఒట్టు నిలబెట్టుకున్నాను. ఇప్పుడదే నన్ను తినేస్తోంది. పోవడానికి వారం ముందు, ఆట కోసం ఎదురు చూస్తూ మాస్టారు ఉన్నట్టుండి అన్నారు.

"ఆడు ఎక్కడున్నాడో గాని, ఆడి గొంతు ఓపాలి ఇనాలనుంది బావా. తప్పు నాది కూడా ఉన్నాది."

ముగ్గురం లైనులోనే ఉన్నాం. నేను నోరు విప్పలేదు. పాటగాడి మైకు సంగతి సరేసరి.

దినవారాలయ్యాక మళ్లీ గాజువాక వెళ్లాను. ఆ రోజు మైకు వేసి కనీసం దగ్గినా మాస్టారు గుర్తుపట్టేవారు కదా అని కోపంగానే అడిగాను. నా మీద నాకున్న కోపమంతా కూడా ఆయన మీదే పోశాను. ఆయన ఏమీ అనుకోలేదు. బలపం తీసుకుని రాశాడు.

"ఆడడిగిన గొంతు నాకాడ నేదు."

ఆ పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తుడిస్తేగానీ ఇంకో మాట చెప్పలేడు. తుడవలేదు.