జపాను తాతను కాదనలేని వదిన

మేము పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఉన్నప్పుడు మా వదినంత ఇష్టంగా వీడియోగేమ్ ఆడేవారిని నేను చూడలేదు. అంత పద్ధతి లేకుండా ఆడేవారినీ చూడలేదు.

పత్తర్‌గట్టిలో పాత సామాను అమ్మేవాడి దగ్గర ఆమె అమెరికా నుంచి వచ్చిన గేమ్ పెట్టె ఒకటి కొన్నది. వాడు దానితో ఇచ్చిన క్యాసెట్ మాత్రం జపానుది. అది పెట్టెలో దూరకపోతే, లోపల అడ్డొచ్చిన ప్లాస్టిక్ ముక్కలను కోయించి మరీ దూర్చింది.

తెర మీది జపాను రాతల్లో వదినకు ఒక్క అక్షరమూ రాదు. ప్రతి ప్రశ్న కిందా వచ్చే రెండు మాటల్లో పైది 'అవును' అని మాత్రం కనిపెట్టింది. ఆటలో ఎవరేమడిగినా "సరే తాతా", "సరే బిడ్డా" అంటూ దాన్నే నొక్కేది.

"ఒక్కసారైనా కాదని నొక్కరాదా వదినా?" అని కోప్పడేవాణ్ణి.

"పెద్దమనిషి నోరు తెరిచి అడిగితే కాదంటరా తమ్మీ?"

ఒకనాడు తెర మీది గడ్డం తాత కొత్త ప్రశ్న వేశాడు. అనుమానం వచ్చి ఫోన్‌లో అనువదించి చూశాను: "దాచిన ఆట మొత్తం చెరిపేయనా?"

"ఆగు వదినా!" అని నేను అరిచేలోపే "సరే తాతా" అయిపోయింది. నెలల తరబడి ఆడిన ఆట తుడిచిపెట్టుకుపోయింది. ఆటలో ఇటువంటి ప్రశ్న పెట్టిన కంపెనీవారికి ఘాటుగా లేఖ రాయవలసిందేనన్నాను. వదిన కడుపుబ్బ నవ్వింది.

"గింతదానికి లొల్లి ఏంది తమ్మీ? ఆటల ఉన్నోళ్లు నన్ను మర్చిపోయిన్రు గని, నేను వాళ్లను మర్చిపోలే గద! మల్ల పలకరిస్తె అయిపాయె."