సబ్బు రుద్దిన బొమ్మ

మొన్న జూబ్లీహిల్స్‌లో మా బావ చిత్రప్రదర్శనకు వెళ్లి, అద్దంలా మెరిసే స్టీలు పలక మీద ఆయన వేసిన తల లేని మనిషి బొమ్మ ముందు నిలబడ్డానా, ఆ మెడ మీదికి నా ముఖమే వచ్చి కూర్చుంది. యాభై దాటినవాణ్ణి, రెండడుగులు వెనక్కి వేసి గోడ పట్టుకున్నాను.

నేను చెప్పేవాటిలో సగం గప్పాలేనని మన వయసువాళ్లకు తెలుసు. చెప్పుతో పులిని తరిమానన్న కథ షేక్‌పేటలో ఇంకా తిరుగుతోందట. ఇది మాత్రం జరిగింది.

కుర్రతనంలో ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్ల పనికి కొత్తగా చేరాను. లైటు పడి కెమెరాలో మెరిసేది ఏది కనబడినా సబ్బు రుద్ది మసకబార్చడం నా పని. ఇంట్లో అక్క గిన్నెలను చూసినా చెయ్యి దురద పెట్టేది. బావ తన మొదటి ప్రదర్శన కోసం మూడు నెలలు కూర్చుని వేసిన అలాంటి బొమ్మనే, హీరో గది సెట్‌లో ఒక్క పూట పెడతామని నేనే బతిమాలి తెచ్చాను. తెచ్చి, మెరుస్తోందని ఎవరో కేకేయగానే, అలవాటు కొద్దీ తడి సబ్బుతో రుద్దేశాను. పైకి ఆరినట్టున్న రంగు లోపల పచ్చిగానే ఉంది. భుజం, ఛాతీ నా అరచేతికి వచ్చేశాయి.

బావ వచ్చేలోపు లైటు స్టాండు పడిందందామా, కోతి దూరిందందామా అని కథలు అల్లుతూ పలకలోకి చూస్తే, చెరిగిన ఒంటి మీద పాలిపోయిన నా ముఖం నన్నే చూస్తోంది.

చివరికి కోతి అనే చెప్పాను. బావ పలక మీది సబ్బు మరకను వేలితో ముట్టి చూశాడు.

"కోతి సబ్బు గూడ రుద్దిందా బామ్మర్దీ? ఒంటి సబ్బా, బట్టల సబ్బా?"

సెట్‌లో అందరూ నవ్వారు.

"నేనే రుద్దిన, బావా."

"గట్ల చెప్పు," అన్నాడు మెల్లగా. "ఇగ గీ మూడు నెలలు మళ్ల ఏడికెల్లి తేవాలె?"

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. రంగు వదిలించే టర్పెంటైన్ గుడ్డతో మిగిలిన నడుము, తొడలు తానే తుడిచేస్తుంటే, పలక కదలకుండా రెండో అంచు నేనే పట్టుకున్నాను. ప్రదర్శనలో ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి పనిచేసే గ్రాఫిక్స్ ఆఫీసులో మెరుపుల్ని కంప్యూటర్లోనే చెరిపేస్తారు. ఎక్కువ చెరిగితే ఒక్క మీట నొక్కి వెనక్కి తెచ్చుకుంటారు. వాళ్ల చేతులు వణకవు. మంచిదే. అయితే దేన్నైనా ముట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగడం ఆ రోజే నేర్చుకున్నాను; ఆ అలవాటు మన తరం చేతులతోనే పోతుందేమో.