అర నిమిషం కదలకుండా

మావయ్య తన కెమెరా నా చేతిలో పెట్టిన రోజు ఎందుకిస్తున్నావని ఒక్క మాట అడగలేదు నేను. అడిగుంటే ఇదంతా రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మావయ్య అంటే అమ్మకి తమ్ముడు. గుడివాడలో ఆయనకి ఫొటో స్టూడియో ఉంది. మా బంధువుల ఇళ్లలో ఏ పెళ్లి ఆల్బమ్ తీసినా ఆయన తీసిందే అయి ఉంటుంది. రెండేళ్ల క్రితం ఉన్నట్టుండి పెళ్లిళ్లు ఒప్పుకోవడం మానేశాడు. "ఇప్పుడందరికీ డ్రోన్లు కావాలంట్రా, మనకెందుకా గోల" అన్నాడు. స్టూడియోని జిరాక్స్ షాపు చేసుకుని, కెమెరా, స్టాండు నాకిచ్చేశాడు. నేను బళ్లో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. ఊరికే వచ్చిన కెమెరా కదా, సంతోషంగా తెచ్చేసుకున్నాను. పైగా కనపడ్డప్పుడల్లా "బద్ధకం పెరిగిపోయింది నీకు" అని ఆయన్ని ఆటపట్టించేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఫోన్లో వీడియోలు చూసి లైట్ పెయింటింగ్ మొదలుపెట్టాను. చెప్పుకోడానికి పెద్ద విద్యేం కాదు. చీకట్లో కెమెరాని స్టాండుకి బిగించి, షట్టర్ అర నిమిషం తెరిచి ఉంచాలి. ఆ అర నిమిషంలో టార్చిలైటు పట్టుకుని తిరుగుతూ, కావలసినచోట వెలుగు పూసుకుంటూ పోవాలి. వెలుగు తగిలినంత మేరే బొమ్మ. టార్చి పట్టుకున్నవాడు నల్లబట్టలు వేసుకుని ఆగకుండా నడుస్తుంటే అసలు ఫొటోలోనే పడడు. ఆ చివరి మాట నాకు తెగ నచ్చింది.

ఒక ఆదివారం పొద్దుగూకాక పాలకాయతిప్ప సముద్రపొడ్డున, ఇసుకలోకి లాగిపెట్టిన పడవ చుట్టూ టార్చి వేసుకుంటూ తిరిగాను. వలలు సర్దుకుంటున్న ఒకాయన కాసేపు చూసి, "ఏం పడిపోయిందండీ? మేవూ వెతుకుతాం" అంటూ పాపం లేచి వచ్చాడు. ఏమీ పడిపోలేదంటే నమ్మలేదు. తాళాలో, ఉంగరమో అయివుంటుందని నాతోపాటు వంగి ఇసుకంతా చూశాడు. చివరికి కెమెరాలో పడవ చూపిస్తే, "పగలు తీస్తే ఇంకా బాగుండేది గదండీ" అన్నాడు. నిజమే. ఆ మాట విని ఆపేసినా బాగుండేది.

పడవ బాగా వచ్చేసరికి నా కళ్లు నెత్తికెక్కాయి. ఇక మనిషిని తియ్యాలి. మచిలీపట్నంలో ఒక ఫొటోల పోటీ పెట్టారు, దానికి పంపాలి. మావయ్యని కూర్చోమన్నాను. "నన్నెందుకురా, మీ అత్తని తియ్యి" అన్నాడు. వినలేదు. మధ్యాహ్నం షాపు షట్టర్ దించి, వెనకగది కిటికీలకి దుప్పట్లు కట్టి, ఆయన్ని కుర్చీలో కూలేశాను. చేతులు మోకాళ్ల మీద పెట్టుకోమన్నాను.

మొదటి ఫొటోలో మొహం అద్దంలా వచ్చింది. చేతులు మాత్రం పొగలా వచ్చాయి. టార్చి తప్పేమో అనుకుని మళ్లీ తీశాను. మళ్లీ అంతే. మూడోసారి, "చేతులు కనపడకుండా తీద్దాంలేరా" అన్నాడు మెల్లిగా. "చేతులే కావాలి నాకు" అన్నాను. నాలుగోది కూడా పాడయ్యేసరికి ఒళ్లు మండిపోయింది. అత్తయ్య కాఫీ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆవిడ ముందే అనేశాను.

"జీవితమంతా వచ్చినవాళ్లందర్నీ కదలొద్దు, కదలొద్దని కసిరావు కదా. నువ్వు అర నిమిషం కుదురుగా కూర్చోలేవా?"

"అదేరా, ఇవాళ కుదరట్లేదు" అన్నాడు. లేచి దుప్పట్లు విప్పడం మొదలుపెట్టాడు. ముడి రాలేదు. అత్తయ్య వెళ్లి విప్పింది. అదీ నా కళ్ల ముందే జరిగింది. నేను కెమెరాలో ఫొటోలు చూసుకుంటున్నాను.

నాలుగింటిలో ఒకటి ఫరవాలేదనిపించి పోటీకి పంపేశాను. తర్వాతి వారం అత్తయ్య మా ఇంటికి వచ్చి, మావయ్యకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, విషయం చెప్పింది. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయట. విజయవాడలో చూపించుకుని మాత్రలు వాడుతున్నాడట. ఒక పెళ్లిలో తలంబ్రాల ఫొటోలన్నీ చెదిరిపోయి వచ్చాక కెమెరా ముట్టుకోవడం మానేశాడట. ఎవరికీ తెలియనివ్వొద్దన్నాడట. నాకైతే అసలే వద్దన్నాడట.

"నువ్వు ఎగతాళి చేసినా భరిస్తాడు గానీ, జాలిపడితే తట్టుకోలేడురా" అంది.

అప్పటికింకా ఫలితాలు రాలేదు. ఫోన్ చేసి ఫొటో వెనక్కి తీసేసుకోవచ్చు. తీసుకోలేదు. ఇప్పుడు తీసుకుంటే మావయ్యకి అనుమానం వస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. బహుమతి వస్తుందేమోనని ఆశపడ్డాను, అంతే.

వచ్చింది. మొదటి బహుమతే. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో మచిలీపట్నం బయల్దేరాడు. ముందు వరుసలో కూర్చున్నాడు. గోడంత తెర మీద ఆయన ఫొటో వేశారు. రాయిలా నిలిచిన మొహం, మోకాళ్ల మీద పొగలా చెదిరిన రెండు చేతులు. "అద్భుతమండీ! మనిషి స్థిరంగా ఉన్నాడు, చేతులు మాత్రం కదిలాయి. ఈ ఎఫెక్ట్ ఎలా సాధించారో మా కుర్రాళ్లకి కొంచెం చెప్పండి" అంటూ నిర్వాహకుడు మైకు నా చేతికిచ్చాడు.

మావయ్య నా వైపే చూస్తున్నాడు. తెలియదని చెప్పొచ్చు. అనుకోకుండా వచ్చిందని చెప్పొచ్చు. ఎఫెక్ట్ అన్న మాట వినగానే నాకు ఆ బహుమతి మరీ నాదిగా అనిపించింది.

"నేనే కదపమన్నానండీ" అన్నాను. "ఎంత వేగంగా కదపాలో రెండు మూడుసార్లు ప్రాక్టీసు చేయించాను."

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

బస్సులో మావయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. పెడన దాటింది, గుడ్లవల్లేరు దాటింది. గుడివాడ దగ్గరపడుతుండగా నా వైపు తిరిగాడు.

"మీ అత్త చెప్పేసిందా?"

నేను తలదించుకున్నాను.

"పోన్లేరా, మైకులో బాగానే చెప్పావు. ఇన్నాళ్లూ ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని ఛస్తున్నాను. ఇక ఎవరడిగినా, మా మేనల్లుడు ఫొటో కోసం కదపమన్నాడు, అదే అలవాటైపోయిందని చెప్తాను."